తొమ్మిదిన్నర పోగులు

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఆ ఊళ్లో అంజయ్యను మించిన పెద్దమనిషి ఇంకొకడు ఉండడు. ఆ మాట సోమవారం అనడానికి మాత్రం వీల్లేదు. సోమవారం నుంచి శనివారం దాకా అతను జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగే కాంట్రాక్టు మనిషి. మెడలో కార్డు వేలాడాలి, గేటు దగ్గర సంచి విప్పి చూపించాలి, నిన్నగాక మొన్న మీసం మొలిచిన సూపర్‌వైజరు "ఏయ్ అంజయ్యా" అంటే చేతిలో పైపు వదిలేసి పరుగెత్తాలి. యాభై ఏడేళ్ల మనిషికి అది చిన్నతనమే. అయినా కిక్కురుమనడు. ఆరు రోజులు ఓర్చుకుంటే ఆదివారం వస్తుందని అతనికి తెలుసు.

ఆదివారం పోగులు పెడతారు. పది ఇళ్ల వాళ్లు కలిసి ఒక యాటను కొంటారు. యాట అంటే మేకపోతో గొర్రెపోతో, ఆ వారం ఏది కుదిరితే అది. మూతపడ్డ ప్లాస్టిక్ కంపెనీ గోడ నీడలో కోయిస్తారు. కోసినవాడు తోలు, తన కూలి తీసుకుని వెళ్లిపోతాడు. అక్కడి నుంచి పని అంజయ్యది. టార్పాలిన్ పరిచి మాంసాన్ని పోగులు పెడతాడు. తొడ ముక్కలు, పక్కటెముకలు, తలా కొంచెం కార్జం, తలా కొంచెం బోటి. ఒక పోగులో మూలుగ బొక్క పడితే ఇంకో పోగులో దానికి సాటి వచ్చే మెత్తటి ముక్క పడాలి. కాంటా ఉండదు. ఇరవై ఆరేళ్లుగా లేదు. ఒకసారి శ్రావణ్‌కుమార్ అని నీళ్ల ట్యాంకర్లు తిప్పే పడుచువాడు పంతం కొద్దీ కరెంటు కాంటా తెచ్చి తూచాడు. పోగుకూ పోగుకూ నిమ్మకాయంత తేడా కూడా రాలేదు. ఆ కాంటాను వాడు మళ్లీ బయటికి తేలేదు.

పోగులు తొమ్మిదిన్నర. తొమ్మిది ఇళ్లకు నిండు పోగులు. పదో ఇల్లు ముత్యమ్మది, ఆమెది అరపోగు. డెబ్బై దాటిన ఒంటరి మనిషి, కంపెనీల తోటల్లో గడ్డి పీకే కూలికి పోతుంది, ఆమె తాహతు అంతవరకే. నిజానికి అరపోగు పెట్టడంలోనే ఉంది విద్యంతా. తొమ్మిదింటిని ఒక్కలా పెట్టడం ఎవడైనా ఏడాదిలో నేర్చుకుంటాడు. వాటిలో సరిగ్గా సగం అనిపించేలా, సగం కార్జం, సగం బొక్క, సగం బోటి పడేలా పదోది పెట్టడం అంజయ్యకే చేతనవుతుంది. అందులో ఎన్నడూ ఒక ముక్క తక్కువ వేయలేదు. ఎక్కువా వేయలేదు. ఎక్కువ వేస్తే ముత్యమ్మే ఊరుకోదు, తీసి పక్క పోగులో పడేస్తుంది.

ఇంకొక నియమం ఉంది. పంచినవాడు ఆఖరి పోగు తీసుకోవాలి. అందరూ నచ్చింది ఎత్తుకున్నాక ఏది మిగిలితే అదే వాడిది. అందుకని వంతు లేనివాడు పంచడానికి పనికిరాడు. తప్పు పంచితే తనకు పోయేదేమీ లేని చేతిని ఎవరు నమ్ముతారు? ఇది ఎవరూ కాగితం మీద రాయలేదు, కానీ కాగితం మీద రాసినవాటికంటే గట్టిగానే నడిచింది.

ఇంత కథ ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, పోయిన చలికాలం డాక్టరమ్మ అంజయ్యను మాంసం బాగా తగ్గించమంది.

కంపెనీవాళ్లు ఏటా ఒక రోజు టెంటు వేసి అందరి రక్తమూ తీస్తారు. అంజయ్య రక్తం చూసి పటాన్‌చెరు ఆసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ నాలుగు గదులు తిప్పి ఫొటోలు తీశాక డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"గుండెకు పోయే నాళం ఒకటి సగం పూడిందయ్యా. మందులు రాస్తున్నాను. దాంతోపాటు తిండి మారాలి. కూరగాయలు, ఆకుకూరలు, పప్పులు, జొన్నరొట్టె. మాంసం మొత్తానికి మానమనట్లేదు. నెలకు ఒకసారి, రెండు ముక్కలు."

"మరి ఐతారం, మేడమ్?"

"నెలకు నాలుగు ఆదివారాలు వస్తాయి. ఏదో ఒకటి ఎంచుకో."

అంజయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాళం పూడిందన్న మాట దగ్గర కాకుండా ఆ ఎంచుకోవడం దగ్గరే అతని మనసు ఆగిపోయింది.

భార్య సత్తెమ్మ మాత్రం ఆ చీటీని రెండు చేతులా పట్టుకుంది. ముప్పై ఐదేళ్ల కాపురంలో మొగుడి కంచం మీద ఆమెకు పెత్తనం దొరకడం అదే మొదలు. ఇక చూడండి. సోమవారం తోటకూర పప్పు, మంగళవారం బొబ్బర్లు, బుధవారం పుంటికూర, గురువారం అనపగింజలు. తెల్లన్నం సగానికి సగం తగ్గి, ఆ జాగాలో జొన్నరొట్టె వచ్చి కూర్చుంది. నూనె సీసా పై అరలోకి ఎక్కింది.

"ఏందే ఇది? కూరనా, కషాయమా?" అన్నాడు మొదటి వారం.

"కషాయమే. తాగు."

"గొడ్లకు ఏస్తున్నవా, మనిషికి పెడుతున్నవా?"

"గొడ్లే నయం. పేర్లు పెట్టకుంట తింటయి" అంది సత్తెమ్మ, ఇంకో రొట్టె కంచంలో వేస్తూ.

పదిహేను రోజులు అంజయ్య అలిగినవాడిలా తిన్నాడు. నెల తిరిగేసరికి బెల్టు ఒక బెజ్జం లోపలికి వచ్చింది. రెండో నెల కంపెనీలో మెట్లెక్కి పైట్యాంకు దాకా పోయి వచ్చినా ఆయాసం రాలేదు. మూడో నెల ఒక బుధవారం పుంటికూరలో ఉల్లిగడ్డ నంజుకుని తింటూ, ఇది బాగానే ఉందే అనుకున్నాడు. ఆ సంగతి సత్తెమ్మకు చెప్పలేదు. చెబితే ఇక ఆమెను పట్టడం ఎవరి తరమూ కాదు.

మరి ఆదివారం సంగతి? ఆ పేచీ మొదటి వారమే వచ్చింది.

"తిననప్పుడు పోగు ఎందుకు? బందు పెట్టు" అంది సత్తెమ్మ.

"నేను బందు పెడితే పోగులు ఎవలు పెడ్తరు?"

"ఎవలో ఒకలు పెడ్తరు. నువ్వు పుట్టకముందు ఊళ్లె యాట కోయలేదా?"

ఎవరో ఒకరు పెడతారు. అతనికి ఆ మాటంటేనే భయం. వంతు మానుకున్ననాడు టార్పాలిన్ ముందు కూర్చునే హక్కు పోతుంది. ఆ హక్కు పోతే వారానికి ఏడు రోజులూ డ్రమ్ములు కడిగే అంజయ్యే మిగులుతాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, అతనికి మాంసం మీద ఆశ ఎన్నడో చచ్చింది. వదులుకోలేనిది తొమ్మిది జతల కళ్లు తన చేతి వైపే చూసే ఆ పావుగంట.

అందుకని ఒక ఉపాయం పన్నాడు. ఊరి చివర కిరాయి రూముల లైను ఒకటి ఉంది. పన్నెండు రూములు, అన్నిట్లోనూ బిహారు నుంచి, ఒడిశా నుంచి కంపెనీ పనులకు వచ్చినవాళ్లు. మూడో రూములో రేఖ అని బిహారు అమ్మాయి. మొగుడు ఇనుప కంపెనీలో పని, లైను మొత్తానికి ఫ్రిజ్ ఉన్నది ఆ ఒక్క రూములోనే. మొదటి ఆదివారం అంజయ్య తన ఆఖరి పోగును స్టీలు డబ్బాలో సర్ది, మీద తువ్వాల కప్పి, వెనక సందులోంచి బండి మీద పోయి రేఖకు ఇచ్చాడు.

"చుట్టాలు వస్తరనుకున్నం, రాలేదు. పాడైతది. మీరు వండుకోండ్రి."

రెండో ఆదివారం కూడా చుట్టాలు రాలేదు. మూడో ఆదివారం నుంచి చుట్టాల ఊసే ఎత్తాల్సిన పని లేకపోయింది. రేఖ నవ్వి డబ్బా తీసుకునేది, పోయిన వారం డబ్బా కడిగి ఇచ్చేది.

పోగుల దగ్గర మాత్రం అంతా ఎప్పటిలాగే. ఒక్క ముత్యమ్మ కళ్లకే ఏదో ఆనింది.

"బిడ్డా, సన్నబడ్డవ్. సరిగ తింటలేవా ఏంది?"

"తింటున్న పెద్దమ్మా. కంపెనీల పని ఎక్కువైంది."

"తినాలె బిడ్డా. నేను జూడు, గీ అరపోగు మీద వారం లాగుత. సగం ఇయ్యాల్నే వండుకుంట. సగం ఉప్పు పసుపు రాసి తీగ మీద ఎండేస్త, గడ్డి పీకేకాడికి సద్దిల రోజుకింత" అంది ముత్యమ్మ, గిన్నె మీద మూత సరిచేసుకుంటూ.

నాలుగు నెలలు ఇలా గడిచాయి. ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం అంజయ్య డబ్బా పట్టుకుని పోయేసరికి రేఖ గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"అంకుల్, ఆజ్ రహనే దో. ఫ్రిజ్‌ల జాగా లేదు."

"గింత పొద్దుగాల్నే ఫ్రిజ్ ఎట్ల నిండింది?"

"మీరే గదా ఇచ్చేది! అందరు ఇస్తరు, హర్ సండే. లైన్ల అందరం పంచుకుంటం" అని ఆ పిల్ల గర్వంగా ఫ్రిజ్ తలుపు తెరిచింది.

ఎండలకు కొత్తగా పెట్టిన నీళ్ల సీసాల పక్కన ఐదు స్టీలు డబ్బాలు ఒకదాని మీద ఒకటి. మన ఇళ్లలో స్టీలు సామాను కొంటే పేరు చెక్కించకుండా గడప దాటించరు కదా. పై డబ్బా మీద గుండ్రటి అక్షరాల్లో 'సొలొమోను' అని ఉంది. దాని కింద 'శ్రావణ్‌కుమార్–తనుశ్రీ, పెళ్లి కానుక'. మిగతా మూడింటి మీద ఇంకో మూడు ఇళ్ల పేర్లు. మూతలు తీసి మాంసం చూడాల్సిన పని లేదు, గంట కింద తన చేత్తో తానే పెట్టిన పోగులవి.

"మీ గావ్‌ల రివాజ్ అనుకున్న అంకుల్. సండే నాడు కిరాయిదార్లకు గోష్ ఇస్తరని మా అమ్మకు కూడా ఫోన్‌ల చెప్పిన" అంది రేఖ. అంజయ్య ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "కరెంటు బిల్లు వస్తది, బంద్ కరో" అని ఆమే మెల్లగా తలుపు మూసింది.

అంజయ్య బండి నేరుగా సొలొమోను ఇంటి ముందు ఆగింది. సొలొమోను ప్రైవేటు బడిలో పంతులుగా చేసి దిగిపోయినవాడు, చర్చిలో సంఘ పెద్ద, అంజయ్యకు చెడ్డీలనాటి స్నేహితుడు. ఆరాధనకు టైమవుతోందని తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"సొలొమోనూ, నీ డబ్బా రేఖ ఫ్రిజ్‌ల ఉన్నది."

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగింది. "అది... మొన్న చుట్టాలు వస్తరనుకుంటే..."

"రాలేదా?"

"రాలే." అప్పుడు పంతులు బుర్ర పని చేసింది. "అవుగని, నువ్వెందుకు పోయినవ్ రా ఆడికి?"

అంజయ్య చేతిలో తువ్వాల కప్పిన డబ్బా ఉంది. ఇద్దరూ దాని వైపు చూశారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు సొలొమోనుకు నవ్వొచ్చింది. ఇక ఇద్దరూ కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వారు. చొక్కా కాలిన వాసన వచ్చినప్పుడు గానీ ఆగలేదు.

"ఏడు నెలలైంది బంద్ జేసి. కిడ్నీలు ఖరాబున్నయన్నరు" అన్నాడు సొలొమోను.

"ఏడు నెలల సంది చెప్పలేదేందిరా నాకు?"

"నీకే చెప్పొద్దనుకున్న. పోగు మీదనే పానం బెట్టుకున్నవ్. నేను ఇడిస్తె ఇంకొకడు ఇడుస్తడు, నీకు ఐతారం లేకుంట అయితదని."

అంజయ్య చొక్కా మీది కాలిన మచ్చను వేలితో గీకాడు. తన పరువు తానొక్కడే మోస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. వెనకాల ఇంకొకడు భుజం పట్టాడని తెలిసి సంతోషం వేసింది, సిగ్గూ వేసింది.

ఆ సాయంత్రం సొలొమోను వరండాలో తొమ్మిది ఇళ్ల మగవాళ్లు కూర్చున్నారు. టీలు వచ్చాయి, అందులో ఐదు చక్కెర లేనివి. ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఒకడికి షుగరు. ఒకడికి కాలి బొటనవేలు వాచి నడవనివ్వదు. శ్రావణ్‌కుమార్‌కు రోగమేమీ లేదు గానీ, భార్య తనుశ్రీ ఫోన్‌లో ఏవో వీడియోలు చూసి ఇల్లంతా గింజలూ మొలకలూ చేసేసింది. డబ్బాలు పంపని మూడిళ్లలోనూ అంతంతే. పిల్లలకు చికెన్ ఉంటే చాలు, మటన్ ముక్క కనబడితే కంచం జరిపేస్తారు, పెద్దవాళ్లకు నమలడానికి పళ్లు లేవు.

"అయితె అందరం దొంగలమే అన్నట్టు" అన్నాడు శ్రావణ్‌కుమార్. "ఒగలకోసం ఒగలం కోయిస్తున్నం. తిన్నదేమో రేఖ."

"ఇగ బందు పెడ్దాం. ఏమంటవ్ అంజయ్యా?" అన్నాడు సొలొమోను, జాగ్రత్తగా.

అందరూ అంజయ్య వైపు చూశారు. ఆదివారం చేతిలోంచి జారిపోతోంది. కానీ అబద్ధం మీద ఎన్ని ఆదివారాలు కూర్చుంటాడు? "బందే పెడ్దాం" అన్నాడు.

"అట్ల ఉత్తగ పెడితె ఎట్ల? ఇరవై ఆరేండ్లల్ల కాకా చెయ్యి ఒక్కనాడు తప్పలే. కాంటా తెచ్చి మరీ చూసినోన్ని, నేను చెప్తున్న" అని శ్రావణ్‌కుమార్ లేచి, తీగ మీది తెల్ల తువ్వాల లాగి అంజయ్య భుజాల మీద శాలువాలా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నవ్వులాటకే చేశాడు గానీ అంజయ్యకు కళ్లు చెమర్చాయి. మంచి పేరుతోనే మూసేశాను, ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు అనుకున్నాడు. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

తర్వాతి ఆదివారం అలవాటు కొద్దీ ఐదింటికే మెలకువ వచ్చింది. చేసేదేమీ లేదు. సత్తెమ్మ ఎదురుగా పుంటికూర కట్టలు విప్పి పడేస్తే, గడప ముందు కూర్చుని ఆకు తుంచసాగాడు. ఏడు దాటాక ముత్యమ్మ వచ్చింది. చేతిలో మూత ఉన్న సిల్వర్ గిన్నె.

"ఏం బిడ్డా, ఇయ్యాల యాట దొరకలేదా? గోడకాడ ఎవ్వలు లేరు. గంట సేపు కూసున్న."

అంజయ్య చేతిలో ఆకు పక్కన పెట్టాడు. వారం రోజుల్లో ఈ మనిషి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదని అప్పుడు తట్టింది.

"బందు పెట్టినం పెద్దమ్మా. అందరికీ బీమారీలే. నాకు గుండె, సొలొమోనుకు కిడ్నీలు, ఇగ అందరం అనుకుని..."

"అందరంటె ఎవలు బిడ్డా?"

"అందరం... పోగోళ్లం."

"నేను రాలే గద ఆ మాటకు."

సత్తెమ్మ తేరుకుని పీట జరిపింది. "కూసో పెద్దమ్మా. రొట్టె, తోటకూర పప్పు ఉన్నది, తిను. ఒంటికి మంచిదని డాక్టరమ్మనే చెప్పింది."

ముత్యమ్మ నవ్వింది. "మంచిదేనమ్మా. సోమారం సంది శనారం దాక నేను తినేది గదే. రొట్టె, ఇంత కూరాకు, దాంట్లకు పోగుల ఎండుతునక ఒకటి. నాకు ఏ డాక్టరు చెప్పలే."

అంజయ్య గబుక్కున లేచాడు. "పెద్దమ్మా, నేనిప్పుడే బండి మీద జిన్నారం పోయి నీకు అర్ధకిలో తెస్త. పైసలేం వద్దు."

ముత్యమ్మ మొహంలో నవ్వు పోయింది. "అడుక్కునేటందుకు వచ్చిన్నా నేను? పోగుకు వచ్చిన. నా పైసలు నేను కట్టి, నా వంతు నేను ఎత్తుకున్న. ఇన్నేండ్లల్ల మీ ఒక్క ముక్క ముట్టిన్నా?" ఆమె గొంతు పెరగలేదు. "బందు పెట్టుకోండ్రి. మీ పానాలు మీకు ముఖ్యం, నేనొద్దంటనా? గని అంజయ్యా, నాది అరపోగే అయినా మాటల నాకు వంతు ఉన్నది. గా పొద్దు నువ్వు తొమ్మిదే పెట్టినవ్."

గిన్నెను చంకలో పెట్టుకుని ఆమె రోడ్డు దిగి వెళ్లిపోయింది. సత్తెమ్మ వెనకనుంచి పిలిచింది. ముత్యమ్మ తిరిగి చూడలేదు. అంజయ్య పుంటికూర ముందు కూర్చోబోయాడు, కూర్చోలేకపోయాడు. చొక్కా వేసుకుని బయటికి నడిచాడు.

చర్చి గేటు బయట గంటన్నర నిలబడ్డాడు. ఆరాధన ముగిసి, బైబిలు సంచితో సొలొమోను బయటికి వచ్చాడు. ఎండలో నిలబడ్డ మనిషిని చూసి గాబరాగా దగ్గరికి వచ్చాడు.

"ఏమైందిరా? గుండెల నొస్తున్నదా?"

"లేదు. పొద్దుమూకి అందరినీ నీ వరండాకు పిలువాలె."

"మళ్ల యాట కోద్దామనా?"

"కోస్తమో లేదో నాకు తెల్వది. నా చెయ్యి తప్పింది సొలొమోనూ. ఆ మాట అందరి ముంగట చెప్పాలె."

సొలొమోను అతని మొహం చూశాడు. ఫోన్ బయటికి తీశాడు. "సరె. ముందుగాల ఎవలకు చెయ్యాలె?"

"ఆమెకు ఫోన్ లేదు" అన్నాడు అంజయ్య. "నడువు, ఇద్దరం పోయి అడుగుదాం. ముత్యమ్మ పెద్దమ్మ వస్తనంటెనే కూసుందాం."